ఒక్కో సాఫ్ట్‌వేర్‌కీ ఒక్కో దారి: వ్యాపార అప్లికేషన్లను క్లౌడ్‌కి తరలించే పద్ధతి ఎంచుకోవడం ఎలా?

సొంత సర్వర్లకి బదులు పెద్ద సంస్థల సర్వర్లను ఇంటర్నెట్ గుండా అద్దెకి వాడుకోవడాన్నే క్లౌడ్ అంటారు. “అన్నీ క్లౌడ్‌కి మార్చేద్దాం” అని యాజమాన్యం అనగానే చాలా సంస్థల్లో మొదట లేచే ప్రశ్న అమెజానా, మైక్రోసాఫ్టా, గూగులా అన్నది. ఆ ప్రశ్న వరసలో చాలా వెనక రావాలి. మీ దగ్గర నడుస్తున్న ఒక్కో సాఫ్ట్‌వేర్‌నీ విడిగా తీసుకుని, దాన్ని ఏం చేయబోతున్నామో ముందు తేల్చుకోవాలి. జీతాల ప్యాకేజీకి సరిపోయే దారి, కస్టమర్లు ఆర్డర్లు పెట్టే వెబ్‌సైట్‌కి సరిపోదు. ఏళ్ల తరబడి ఎవరూ తెరవని రిపోర్టుల ప్రోగ్రాంకి ఆ రెండు దారులూ అక్కర్లేదు, దాన్ని ఆపేస్తే చాలు. సంస్థ మొత్తానికి ఒకే పద్ధతి అని ముందే గీత గీసుకున్నవాళ్లు కొన్ని అప్లికేషన్ల మీద అనవసరంగా డబ్బు పోస్తారు, ఇంకొన్నింటిని చేతులారా పాడు చేసుకుంటారు.

సొంత గదిలోనో అద్దె డేటా సెంటర్‌లోనో సర్వర్లు పెట్టుకుని, పదీ ఇరవై నుంచి యాభై దాకా అప్లికేషన్లు నడుపుకునే సంస్థను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. పెద్ద సంస్థలకైనా వరస ఇదే, పట్టికలు మాత్రం పొడుగవుతాయి.

1. ఎందుకు మారుతున్నారో ఒక పేజీలో రాయండి

కారణం ఏమిటన్నదే పద్ధతిని సగం నిర్ణయిస్తుంది. డేటా సెంటర్ అద్దె ఒప్పందం ఎనిమిది నెలల్లో ముగుస్తుంటే సాఫ్ట్‌వేర్‌ను తిరగరాసే వ్యవధి మీకు లేదు. ఉన్నదాన్ని ఉన్నట్టు ఎత్తి పెట్టుకోవాల్సిందే. కొత్త ఫీచర్ బయటికి రావడానికి నెలలు పడుతోందన్నదే మీ బాధ అయితే, అదే ప్రోగ్రాంని అద్దె సర్వర్ మీద పెట్టినా ఆ బాధ తీరదు. ఆపరేటింగ్ సిస్టమ్‌కి మద్దతు ఆగిపోవడం మరో కారణం. విండోస్ సర్వర్ 2012కి మైక్రోసాఫ్ట్ పొడిగించిన మద్దతు (ఎక్స్‌టెండెడ్ సపోర్ట్) కూడా 2023 అక్టోబరు 10తో ముగిసింది. మైక్రోసాఫ్ట్ డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఎస్‌క్యూఎల్ సర్వర్ 2016కి గడువు 2026 జులై 14. ఇలాంటి తేదీలు తరలింపు గడువును మీ బదులు నిర్ణయించేస్తాయి, కాబట్టి వాటిని ఆ పేజీలో మొదటే రాయండి.

“ఖర్చు తగ్గుతుంది” అన్న కారణం దగ్గర కాసేపు ఆగాలి. రాత్రీ పగలూ ఒకే స్థాయి పనితో నడిచే సర్వర్‌ను, డబ్బు ఎప్పుడో కట్టేసినదాన్ని, గంటల అద్దె మీదికి మారిస్తే బిల్లు పెరిగే అవకాశమే ఎక్కువ. పని ఎగుడుదిగుడుగా ఉండి, ఏడాదిలో కొన్ని వారాల కోసం మిగతా కాలమంతా పెద్ద సర్వర్లు మోస్తున్న చోట తగ్గుతుంది. రెండు వైపులా పేరున్న ఉదాహరణలు ఉన్నాయి. 2008 ఆగస్టులో నెట్‌ఫ్లిక్స్ డేటాబేస్ పాడై మూడు రోజులు డీవీడీలు పంపలేకపోయింది. అప్పుడు మొదలుపెట్టి, 2016 జనవరికి అమెజాన్ క్లౌడ్‌కి మారడం పూర్తి చేసింది. జనం ఫైళ్లను ఆన్‌లైన్‌లో దాచిపెట్టే డ్రాప్‌బాక్స్, ఎన్నో ఏళ్లు అమెజాన్ స్టోరేజ్ మీద నడిచినా, వాడుకరుల డేటాలో అత్యధిక భాగాన్ని సొంత వ్యవస్థకి తెచ్చుకున్నట్టు 2016లో ప్రకటించింది. రెండూ తమ పని తీరుకి తగిన నిర్ణయాలే. మీరు చూసుకోవలసింది మీ పని తీరును.

2. ఏమేం నడుస్తున్నాయో, ఏది దేనితో మాట్లాడుతోందో రాయండి

తరలింపులు చెడేది ఎక్కువగా ఇక్కడే. అందుకే ఈ మెట్టు మీద మిగతా అన్నింటికంటే ఎక్కువ సమయం పెట్టమంటాను.

ఒక స్ప్రెడ్‌షీట్ తెరవండి. ఒక్కో అప్లికేషన్‌కి ఒక్కో వరస. పేరు, ఏ పనికి, ఏ విభాగం వాడుతోంది, ఆ విభాగంలో నిర్ణయం చెప్పగల మనిషి ఎవరు, ఏ సర్వర్, ఏ డేటాబేస్, ఏ వెర్షన్, డేటా ఎంత, కొన్నదా రాయించుకున్నదా, సోర్స్ కోడ్ చేతిలో ఉందా, లైసెన్సు దేనికి కట్టి ఉంది అన్నవి నిలువు గళ్లు. “నిర్ణయం చెప్పగల మనిషి” గడి ఖాళీగా మిగిలిన అప్లికేషన్లను గుర్తు పెట్టుకోండి. రేపు పరీక్షించి సరే అనడానికి ఎవరూ దొరకనివి అవే.

తర్వాత సంబంధాలు. సర్వర్ల మధ్య నెట్‌వర్క్ కనెక్షన్లను కనీసం ఒక నెల పాటు, నెలాఖరు కలిసొచ్చేలా నమోదు చేయండి. దీనికి పెద్ద క్లౌడ్ సంస్థల దగ్గర పనిముట్లు ఉన్నాయి. అవి లేకపోయినా, ఏయే కనెక్షన్లు ఉన్నాయో చూపే నెట్‌స్టాట్ ఆదేశాన్ని సర్వర్‌లో గంటగంటకీ నడిపి ఫలితాలను ఫైల్లో దాచుకున్నా చాలా తెలుస్తుంది. అయితే మూడు నెలలకోసారో ఏడాదికోసారో వాటంతటవే నడిచే పనులు, అంటే జాబ్‌లు, నెల రికార్డులో కనిపించవు. వాటిని వేళకి నడిపే షెడ్యూలర్‌లో ఉన్నవన్నీ విడిగా చదవాలి.

పనిముట్లు పట్టుకోలేని వాటిని మనుషుల్ని అడిగి తెలుసుకోవాలి. అకౌంట్స్ వాళ్ల పక్కన ఒక పూట కూర్చుని, వాళ్లు రోజూ ఏం తెరుస్తారో చూడండి. డేటాబేస్‌కి నేరుగా కలిపిన ఎక్సెల్ ఫైల్ ఒకటి తప్పకుండా బయటపడుతుంది. ఇవికాక వెతకాల్సినవి చాలా ఉన్నాయి: కోడ్ లోపల నేరుగా రాసేసిన ఐపీ అడ్రసులు, రెండు అప్లికేషన్లు కలిసి వాడుకునే షేర్డ్ ఫోల్డర్లు, బార్‌కోడ్ స్కానర్లు, లేబుల్ ప్రింటర్లు, హాజరు వేలిముద్ర యంత్రాలు, యూఎస్‌బీ డాంగిల్‌తోనో (లైసెన్సు ఉందని చూపే చిన్న పరికరం) నెట్‌వర్క్ కార్డు నంబరుతోనో ముడిపెట్టిన లైసెన్సులు, 25వ పోర్టు (మెయిళ్లు వెళ్లే నెట్‌వర్క్ ద్వారం) గుండా నేరుగా ఈమెయిళ్లు పంపే పాత ప్రోగ్రాంలు. ఈ చివరిది చాలామందిని ఇబ్బంది పెడుతుంది. ఆ పోర్టు నుంచి బయటికి మెయిల్ వెళ్లడాన్ని క్లౌడ్ సంస్థలు చాలావరకు ముందే మూసి ఉంచుతాయి. అన్నీ బాగానే నడుస్తున్నట్టు కనిపిస్తుంది, కస్టమర్లకి ఇన్‌వాయిస్‌లు మాత్రం అందవు.

సంబంధాల పటానికి అంత విలువ ఎందుకో ఒక లెక్క చూడండి. ఆప్టికల్ ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. క్లౌడ్ డేటా సెంటర్ 1000 కిలోమీటర్ల దూరంలో ఉంటే సమాచారం వెళ్లి రావడానికే కనీసం 10 మిల్లీసెకన్లు. పాతకాలం ప్రోగ్రాంలు ఒక్క స్క్రీన్ చూపించడానికి డేటాబేస్‌ను 400 సార్లు అడగడం అరుదు కాదు. రెండూ ఒకే గదిలో ఉన్నప్పుడు ఒక్కో ప్రశ్నకి అర మిల్లీసెకను చొప్పున మొత్తం 0.2 సెకను. ఎవరికీ తెలియదు. ప్రోగ్రాంని క్లౌడ్‌కి పంపి డేటాబేస్‌ను ఇక్కడే ఉంచారా, అదే స్క్రీన్‌కి 4 సెకన్లు. ఎంత పెద్ద సర్వర్ తీసుకున్నా, ఇంటర్నెట్ వేగం ఎంత పెంచినా ఈ ఆలస్యం తగ్గదు, ఎందుకంటే అది దూరం వల్ల వచ్చింది. తరచూ మాట్లాడుకునే అప్లికేషన్లనూ డేటాబేస్‌లనూ విడదీయకుండా ఒక గుంపుగా తరలించాలి. ఆ గుంపులు పటం చూస్తేనే తెలుస్తాయి.

3. ఉన్న దారులు ఇవి

ఐటీ రంగంపై పరిశోధన చేసే గార్ట్నర్ సంస్థ ఐదు దారులుగా చెప్పినదాన్ని అమెజాన్ ఆరుగా, ఆ తర్వాత ఏడుగా విస్తరించింది. ఈ రంగంలో అందరూ వాడే వర్గీకరణ ఇప్పుడు అదే. వాటిలో కొన్నింటికి నాలుగు మాటలు చాలు, కొన్నింటి దగ్గర జాగ్రత్తగా ఆలోచించాలి.

ఆపేయడం. పట్టిక పూర్తయ్యాక ఎవరూ వాడనివి కొన్ని బయటపడతాయి. పాత రికార్డులు చట్టం కోసం ఉంచాల్సి వస్తే, వాటిని చదవగలిగే ఫార్మాట్‌లో తీసి భద్రపరచి సర్వర్ ఆపండి. అన్నిటికంటే చవకైన తరలింపు ఇది.

ఉన్నచోటే ఉంచడం. ఫ్యాక్టరీ యంత్రాలను నడిపే సాఫ్ట్‌వేర్, డేటా ఫలానా ఆవరణ దాటకూడదని నిబంధన ఉన్నది, వచ్చే ఏడాది ఎలాగూ మార్చబోతున్నది ఈ కోవలోకి వస్తాయి. దీన్ని ఓటమిగా చూడకండి.

ఉన్నది ఉన్నట్టు ఎత్తి పెట్టడం. అందరూ లిఫ్ట్ అండ్ షిఫ్ట్ అనేది దీన్నే. సర్వర్‌ను అలాగే క్లౌడ్‌లోని వర్చువల్ మెషీన్‌గా (పెద్ద యంత్రంలో ఒక వాటాని సొంత కంప్యూటర్‌లా వాడుకునేది) మారుస్తారు. త్వరగా అవుతుంది, కోడ్ ముట్టుకోనక్కర్లేదు, సిబ్బందికి అలవాటైన వాతావరణమే. కానీ పాత జబ్బులు కూడా వెంటే వస్తాయి. అప్‌డేట్లు వేయడం, బ్యాకప్ చూసుకోవడం, ఒక మెషీన్ పడిపోతే లేపడం ఇంకా మీ పనే. గడువు దగ్గర పడినప్పుడు ఇది మంచి దారి, “తర్వాత మెరుగుపరుద్దాం” అన్న మాటకి ఒక తేదీ, బడ్జెట్ కూడా ముందే రాసుకుంటే. రాసుకోకపోతే ఆ తర్వాత అనేది సాధారణంగా రాదు.

వీఎంవేర్ వాతావరణాన్ని మొత్తంగా క్లౌడ్‌లోని వీఎంవేర్‌కి జరపడం. ఒక సర్వర్‌ను పలు వర్చువల్ మెషీన్లుగా పంచే సాఫ్ట్‌వేర్ వీఎంవేర్. ఇప్పటికే వీఎంవేర్ మీద వందల మెషీన్లు ఉన్నవాళ్లకి పనికొస్తుంది. బ్రాడ్‌కామ్ 2023 నవంబరులో వీఎంవేర్‌ను కొన్నాక లైసెన్సు పద్ధతులు మారాయి కాబట్టి, అంతకుముందు వేసిన లెక్కలను పక్కన పెట్టి కొత్తగా వేయండి.

చిన్న మార్పులతో తరలించడం. ప్రోగ్రాం చాలావరకు అలాగే ఉంటుంది, దాని కింద ఉన్నది మారుతుంది. ముఖ్యంగా డేటాబేస్‌ను మీరే నిర్వహించే సర్వర్ నుంచి, క్లౌడ్ సంస్థ నిర్వహించే డేటాబేస్ సేవకి మారుస్తారు. చిన్న, మధ్యతరహా సంస్థల్లో చాలా అప్లికేషన్లకి నేను మొదట పరిశీలించమనేది ఈ దారినే. రాత్రిపూట బ్యాకప్ సరిగా పడిందో లేదో చూసుకునే పని, ప్యాచ్‌లు వేసే పని, పక్క డేటా సెంటర్‌లో నకలు ఉంచుకునే పని మీ నెత్తి మీద నుంచి దిగిపోతాయి. బదులుగా కొంత స్వేచ్ఛ పోతుంది. అమెజాన్ నిర్వహించే డేటాబేస్ సేవ ఆర్‌డీఎస్‌లోని ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో మీకు పూర్తి సిస్టమ్ అడ్మిన్ హక్కులు ఇవ్వరు, పెద్ద ఫైళ్లను డేటాబేస్‌తో కలిపి దాచే ఫైల్‌స్ట్రీమ్ ఉండదు. మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అయిన అజూర్‌లోని ఎస్‌క్యూఎల్ డేటాబేస్ సేవలో, జాబ్‌లను వేళకి నడిపే ఎస్‌క్యూఎల్ సర్వర్ ఏజెంట్ ఉండదు. మీ జాబ్‌లన్నీ ఏజెంట్ మీద ఆధారపడి ఉంటే, అది ఉండే మేనేజ్డ్ ఇన్‌స్టెన్స్ అనే మరో అజూర్ సేవ తీసుకోవాలి, దాని ధర వేరు. మీ డేటాబేస్ వాడే ప్రత్యేక సౌకర్యాల జాబితా ముందే తీసుకుని, ఆ సేవ పత్రాలతో ఒక్కొక్కటీ పోల్చండి. రెండు రోజుల పని ఇది, తర్వాతి రెండు నెలలను కాపాడుతుంది.

మానేసి సాస్ తీసుకోవడం. అమ్మేవాళ్లే నడుపుతూ ఇంటర్నెట్ గుండా అద్దెకి ఇచ్చే రెడీమేడ్ సాఫ్ట్‌వేర్‌ని సాస్ అంటారు. ఈమెయిల్, జీతాలు, సెలవులు, అమ్మకాల ఫాలోఅప్ లాంటి పనుల్లో ఏ రెండు సంస్థలకీ పెద్ద తేడా ఉండదు. వాటికి సొంత సర్వర్ నడపడం దాదాపు ఎప్పుడూ వృథా శ్రమే. అయితే ఇక్కడ అసలు ప్రశ్న సాంకేతికమైనది కాదు: ఆ సాఫ్ట్‌వేర్ పని చేసే తీరుకి మీ విభాగం తన పద్ధతిని మార్చుకుంటుందా? మార్చుకోనంటే, మార్పులూ చేర్పులూ చేయించుకుని చివరికి సొంత సాఫ్ట్‌వేర్ కంటే ఖరీదైనదాన్ని తెచ్చుకుంటారు. సంతకం పెట్టేముందు ఒక పని చేయించండి. ట్రయల్ ఖాతాలో కొంత డేటా ఎక్కించి, మొత్తం బయటికి తీయమనండి. జోడించిన ఫైళ్లూ, పాత మార్పుల చరిత్రా వస్తున్నాయా, లేక ఉత్త పట్టికలేనా? వెళ్లిపోయే దారి ఎలా ఉందో లోపలికి వెళ్లకముందే చూసుకోవాలి.

తిరగరాయడం. ఖర్చూ, కాలమూ, ప్రమాదమూ అన్నిట్లోనూ ఇదే పెద్దది. మీ వ్యాపారాన్ని ఇతరుల నుంచి వేరుగా నిలబెట్టే సాఫ్ట్‌వేర్‌కి, అదీ తరచూ మారేదానికి మాత్రమే ఇది తగుతుంది. తిరగరాయాలనుకున్నా ఒకేసారి మొత్తం రాసి మార్చేయకండి. తాటిచెట్టు మీద మొలిచిన మర్రి, వేళ్లు కిందికి దించుకుంటూ చెట్టును మెల్లగా చుట్టేసి చివరికి తానే నిలబడడం చూసే ఉంటారు. సాఫ్ట్‌వేర్ రచయిత మార్టిన్ ఫౌలర్ 2004లో ఈ పద్ధతికి అలాంటి మర్రిజాతి చెట్టు పేరే పెట్టారు. పాత అప్లికేషన్ ముందు దారి మళ్లించే పొర ఒకటి పెడతారు. ముందు ఒక్క భాగాన్ని, ఉదాహరణకి ధరల పట్టికను, కొత్తగా రాసి ఆ అభ్యర్థనలను మాత్రమే కొత్తదానికి పంపుతారు. అది కుదురుకున్నాక తర్వాతి భాగం. ఏ దశలో ఆగిపోయినా వ్యాపారం నడుస్తూనే ఉంటుంది.

4. ఒక్కో అప్లికేషన్‌నీ ఈ వరసలో ప్రశ్నించండి

ప్రశ్నల వరస ముఖ్యం, ఎందుకంటే చవకైన జవాబులు ముందు రావాలి. గత ఆరు నెలల్లో దీన్ని ఎవరైనా వాడారా? లేదంటే ఆపేయండి. యంత్రమో, చట్టమో, దూరమో దీన్ని కట్టిపడేస్తోందా? అయితే ఉంచేయండి. ఇదే పనిని బజారులో దొరికే సాస్ చేస్తుందా, విభాగం ఒప్పుకుంటుందా? అయితే మారండి. గడువు మీద పడుతోందా, లేక సోర్స్ కోడ్ చేతిలో లేదా? ఎత్తి పెట్టండి. మామూలు డేటాబేస్ మీద నడిచే మామూలు వెబ్ అప్లికేషనా? చిన్న మార్పులతో తరలించండి. ఇవన్నీ దాటుకుని వచ్చినది, వ్యాపారానికి ఆయువుపట్టు అనదగ్గది ఉంటే దానికి తిరగరాసే ఆలోచన చేయవచ్చు.

ఒక టోకు పంపిణీ సంస్థను ఊహించండి. ఆర్డర్ల వెబ్‌సైట్, సరుకు నిల్వల ప్రోగ్రాం, అకౌంట్స్ ప్యాకేజీ, జీతాల ప్యాకేజీ, గోదాములో బార్‌కోడ్ వ్యవస్థ, పాత రిపోర్టుల సర్వర్ ఉన్నాయి. రిపోర్టుల సర్వర్ ఆగిపోతుంది. జీతాలు సాస్‌కి వెళ్తాయి. ఆర్డర్లూ నిల్వలూ ఒకే డేటాబేస్ మీద ఉన్నాయి కాబట్టి రెండూ కలిసి, చిన్న మార్పులతో, ఒకే వారాంతంలో కదలాలి. అకౌంట్స్ ప్యాకేజీ లైసెన్సు డాంగిల్‌కి కట్టి ఉంది. అమ్మినవాళ్లు కొత్త రకం లైసెన్సు ఇచ్చేదాకా అది కదలదు. బార్‌కోడ్ వ్యవస్థ గోదాములోనే ఉంటుంది, కానీ ఇంటర్నెట్ పోయినప్పుడు స్కాన్‌లను దాచుకుని తర్వాత పంపేలా దానికి చిన్న మార్పు కావాలి. ఆరు అప్లికేషన్లకి నాలుగు రకాల జవాబులు వచ్చాయి.

5. ఖర్చు లెక్క నిజాయితీగా వేయండి

క్లౌడ్ అద్దె గంటల లెక్కన ఉంటుంది, నెలకి సుమారు 730 గంటలు. పాత సర్వర్‌లో 16 కోర్లు (ప్రాసెసర్‌లో పని చేసే భాగాలు) ఉన్నాయని క్లౌడ్‌లోనూ 16 తీసుకోకండి. నెల రోజుల వాడకం కొలిచి చూస్తే చాలా సర్వర్లు సగం కూడా పని చేస్తూ ఉండవు. చిన్నదిగా మొదలుపెట్టి, అవసరమైతే పెంచుకోవచ్చు, ఆ సౌకర్యం కోసమే కదా ఇక్కడికి వస్తున్నది. పరీక్షల కోసం ఉంచే సర్వర్లను పని వేళల్లోనే నడపండి. వారంలో 168 గంటలకి బదులు 60 గంటలు నడిపితే ఆ సర్వర్ల అద్దె దాదాపు మూడింట రెండు వంతులు తగ్గుతుంది.

లెక్కల్లో తరచూ మరిచిపోయేవి నాలుగు. క్లౌడ్ నుంచి బయటికి వెళ్లే డేటాకి ఛార్జీ. కోర్ల లెక్కన కట్టే డేటాబేస్ లైసెన్సులు కొత్తచోట చెల్లుతాయా, ఎన్ని కావాలి అన్నది. పాతదీ కొత్తదీ రెండూ నడిచే నెలల జంట ఖర్చు. సిబ్బంది నేర్చుకోవడానికి పట్టే కాలం. ఒక ఏడాదికో మూడేళ్లకో మాట ఇస్తే అద్దె బాగా తగ్గిస్తామంటారు. ఆ తగ్గింపు నిజమే, కానీ మొదటి మూడు నెలల వాడకం చూడకుండా సంతకం పెట్టకండి. ఎంత కావాలో అప్పటికి మీకే తెలియదు. ఖాతా తెరిచిన మొదటి రోజే మాత్రం బడ్జెట్ హెచ్చరికలు పెట్టేయండి.

6. ఎంతసేపు ఆగితే తట్టుకోగలరు, ఎంత డేటా పోతే తట్టుకోగలరు

ఈ రెండు ప్రశ్నలకీ జవాబులు ఐటీ వాళ్లు కాదు, ఆ విభాగం వాళ్లు చెప్పాలి. “అస్సలు ఆగకూడదు, ఏమీ పోకూడదు” అనే అంటారు ముందు. దానికి అయ్యే ఖర్చు పక్కన రాసి చూపిస్తే నిజమైన జవాబు వస్తుంది.

సేవ ఎంత శాతం సమయం ఆగకుండా నడుస్తుందని క్లౌడ్ సంస్థ ఇచ్చే హామీ అంకెలను గంటల్లోకి మార్చి చదవండి. 99.9 శాతం అంటే ఏడాదికి సుమారు 8 గంటల 45 నిమిషాలు ఆగవచ్చు. 99.99 అయితే సుమారు 53 నిమిషాలు. ఒకదాని మీద ఒకటి ఆధారపడే రెండు సేవలకి చెరి 99.9 ఉంటే, కలిపి 99.8 మాత్రమే, అంటే ఏడాదికి 17 గంటలకి పైగా. పైగా హామీ తప్పితే మీకు వచ్చేది బిల్లులో కొంత తగ్గింపు, పోయిన వ్యాపారం కాదు.

“క్లౌడ్‌లో ఉంది కాబట్టి బ్యాకప్ ఉన్నట్టే” అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే క్లౌడ్ సంస్థ డేటా సెంటర్ ఒకటి కాలిపోయింది. బ్యాకప్ కూడా అక్కడే ఉంచుకున్న కస్టమర్లు రెండూ పోగొట్టుకున్నారు. కనీసం ఒక నకలు వేరే ప్రాంతంలో, వేరే ఖాతాలో ఉండాలి. వేరే ఖాతా ఎందుకంటే, ఒక పాస్‌వర్డ్ దొంగల చేతిలో పడితే అసలూ నకలూ ఒకే దెబ్బకి చెరిపేయకుండా. బ్యాకప్ ఉందని నమ్మడం కూడా చాలదు. 2017 జనవరి 31న, ప్రోగ్రామర్ల కోడ్‌ను ఆన్‌లైన్‌లో దాచే గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఉద్యోగి పొరపాటున అసలు డేటాబేస్‌ను చెరిపేశాడు. అప్పుడు చూసుకుంటే వాళ్ల ఐదు రకాల బ్యాకప్ ఏర్పాట్లలో ఏదీ సరిగా పని చేయడం లేదు. అదృష్టం కొద్దీ ఆరు గంటల ముందు తీసిన నకలు ఒకటి దొరికింది. ఆ సంగతిని వాళ్లే దాపరికం లేకుండా వివరంగా రాసి అందరికీ చెప్పారు, అందుకు వాళ్లని మెచ్చుకోవాలి. మీరు మూడు నెలలకోసారి బ్యాకప్ నుంచి నిజంగా తిరిగి తెచ్చి, ఎంతసేపు పట్టిందో రాసుకోండి.

7. ఇప్పుడు క్లౌడ్ సంస్థను ఎంచుకోండి

ఇక్కడికి వచ్చేసరికి ఈ ప్రశ్న చిన్నదైపోతుంది. మీ వాడుకరులకి దగ్గర్లో డేటా సెంటర్ ఉందా, మీకు కావలసిన డేటాబేస్ సేవ అక్కడ దొరుకుతుందా, ఉన్న లైసెన్సులు ఎక్కడ చవగ్గా చెల్లుతాయి, మీ సిబ్బందికి ఏది తెలుసు? చివరి ప్రశ్నకి ఎక్కువ బరువు ఇవ్వండి. ఒకేసారి రెండు మూడు క్లౌడ్‌ల మీద నడపడం చిన్న జట్టుకి మోయలేని భారం, వద్దనే చెబుతాను. వెళ్లిపోయే వీలు ఉంచుకోవాలంటే పోస్ట్‌గ్రెస్ లాంటి ఎక్కడైనా నడిచే డేటాబేస్, కంటైనర్లు (ప్రోగ్రాంని దానికి కావలసినవాటితో సహా కట్టిన మూటలు) వాడండి. 2024 మొదటి నెలల్లో గూగుల్, అమెజాన్, మైక్రోసాఫ్ట్ మూడూ పూర్తిగా వదిలి వెళ్లే కస్టమర్లకి డేటా బయటికి తీసే ఛార్జీ రద్దు చేస్తామన్నాయి. షరతులు ఒక్కోచోట ఒక్కోలా ఉన్నాయి, చదవండి.

భద్రత బాధ్యత రెండు వాటాలుగా ఉంటుంది. భవనం, యంత్రాలు, వాటి కింది పొరలు వాళ్లవి. ఎవరికి ఏ అనుమతి ఇచ్చారు, ఏ తలుపు తెరిచి ఉంచారు అన్నది మీది. ప్రధాన ఖాతాకి రెండంచెల లాగిన్ పెట్టండి. డేటాబేస్ పోర్టులనూ, రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389నూ ఇంటర్నెట్‌కి తెరవకండి. అసలు సర్వర్లకీ పరీక్షల సర్వర్లకీ ఖాతాలు వేరుగా ఉంచండి. మొదటి అప్లికేషన్ వెళ్లకముందే ఇవి అయిపోవాలి.

8. తరలింపు రోజు

మొదట పంపే అప్లికేషన్ నిజంగా వాడకంలో ఉన్నదై ఉండాలి, కానీ ఒక పూట ఆగితే కొంప మునిగేది కాకూడదు. ఎవరూ వాడనిదాన్ని పంపితే ఏమీ నేర్చుకోరు. ఆ తర్వాత మీ పటంలోని గుంపుల వరసలో కదలండి.

డేటా పంపడానికి పట్టే కాలం ముందే లెక్కేయండి. 10 టీబీ డేటాను 100 ఎంబీపీఎస్ లైను మీద, లైనంతా దానికే ఇచ్చినా, తొమ్మిది రోజులకి పైగా పడుతుంది. కాబట్టి ముందు పెద్ద నకలు పంపి, ఆ తర్వాత జరిగిన మార్పులను ఎప్పటికప్పుడు పంపుతూ, చివరి రాత్రి మిగిలిన కొద్దిపాటి తేడానే పంపేలా ఏర్పాటు చేసుకోవాలి. వెబ్‌సైట్ పేరును సర్వర్ అడ్రసుగా మార్చే డీఎన్ఎస్ రికార్డుల కాలపరిమితిని కొన్ని రోజుల ముందే ఐదు నిమిషాలకి తగ్గించండి. లేకపోతే మార్పు చేశాక కూడా కొందరు గంటల తరబడి పాత సర్వర్‌కే వెళ్తుంటారు.

మొత్తం క్రమాన్ని గడియారం పట్టుకుని ఒకసారి, కుదిరితే రెండుసార్లు అభ్యాసం చేయండి. ఆ కాగితం మీద ప్రతి అడుగుకీ ఎవరు, ఎన్ని నిమిషాలు అని ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా వెనక్కి తిరిగే గడువు రాసి ఉండాలి: “తెల్లవారుజామున 3 గంటలకి ఈ ఐదు పరీక్షలూ నెగ్గకపోతే పాతదానికే తిరిగి వెళ్తాం, ఆ మాట ఫలానావారు చెబుతారు.” అర్ధరాత్రి అలసిపోయిన మనుషులు ఇంకో అరగంట చూద్దాం అనే అంటారు, అందుకే నిర్ణయం పగలే చేసి పెట్టుకోవాలి. కొత్త వ్యవస్థలో జనం పని మొదలుపెట్టాక తిరిగి రావాల్సి వస్తే, ఆ మధ్యలో నమోదైన ఆర్డర్లను పాతదానిలోకి ఎలా తెస్తారో కూడా రాసుకోండి. దీనికి జవాబు లేని ప్రణాళికకి వెనుదారి లేనట్టే.

అంతా ఒక్క దెబ్బలో మార్చడం ఎంత ప్రమాదమో బ్రిటన్‌లోని టీఎస్‌బీ బ్యాంకు అనుభవం చూపిస్తుంది. 2018 ఏప్రిల్‌లో ఒక వారాంతంలో ఆ బ్యాంకు తన కస్టమర్ల డేటాను కొత్త వ్యవస్థకి మార్చింది. డేటా సరిగానే చేరింది, వ్యవస్థ మాత్రం తట్టుకోలేకపోయింది. లక్షల మంది తమ ఖాతాలు తెరవలేకపోయారు. అన్నీ మామూలు స్థితికి వచ్చేసరికి డిసెంబరు అయింది. 2022 డిసెంబరులో నియంత్రణ సంస్థలు 4.865 కోట్ల పౌండ్ల జరిమానా వేశాయి. డేటా చేరిందా అని మాత్రమే కాదు, సోమవారం ఉదయం వచ్చేంత మంది ఒకేసారి వస్తే నిలబడుతుందా అని కూడా పరీక్షించాలి.

9. తర్వాతి మూడు నెలలు

పాత సర్వర్‌ను ఆపండి, పారేయకండి. కనీసం ఒక నెలాఖరు, వీలైతే ఒక త్రైమాసికం దాటనివ్వండి. రెండో మెట్టులో తప్పించుకున్న జాబ్ ఏదైనా ఉంటే అప్పుడు బయటపడుతుంది. ఆ తర్వాత మాత్రం తేదీ పెట్టుకుని డిస్కులు పూర్తిగా చెరిపి, నిర్వహణ ఒప్పందాలు రద్దు చేయండి. ఈ చివరి పని ఎవరికీ అప్పగించకపోవడం వల్ల రెండు బిల్లులూ ఏళ్ల తరబడి కట్టే సంస్థలు ఉన్నాయి.

నెలకోసారి బిల్లును అప్లికేషన్ వారీగా విడదీసి ఆయా విభాగాలకి చూపించండి. అందుకు మొదటి నుంచే ప్రతి సర్వర్‌కీ, డిస్కుకీ అప్లికేషన్ పేరుతో ట్యాగ్ పెట్టి ఉండాలి. మూడు నెలల వాడకం చేతికి వచ్చాక సర్వర్ల పరిమాణం సరిచేసి, అప్పుడు ఏడాది ఒప్పందాల తగ్గింపు తీసుకోండి. ముందు పరిమాణం, తర్వాత ఒప్పందం. తిరగబడితే అక్కర్లేని పెద్ద సర్వర్‌కి ఏడాది కట్టుబడిపోతారు. “ఉన్నచోటే ఉంచాం” అనుకున్న అప్లికేషన్ల వరసలో మళ్లీ ఎప్పుడు చూస్తారో, ఎవరు చూస్తారో రాయండి. డాంగిల్ లైసెన్సు మారిందా, ఆ నిబంధన ఇంకా ఉందా, మార్చేస్తామన్న సాఫ్ట్‌వేర్‌ను నిజంగా మార్చారా అని ఆ రోజు నాలుగో మెట్టులోని ప్రశ్నలన్నీ మళ్లీ మొదటి నుంచి అడగండి.